గెలిచిన ఆటను గూడ ప్రశ్నింపవలెనా?



1962వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీని జకార్తా నగరమందలి సెనయాన్ క్రీడాంగణమున, ఇంచుమించు లక్షమంది ప్రేక్షకులు భారతదేశపు పేరు వినబడినంతనే ఆగ్రహముతో కేకలు వేయుచుండగా, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోటీకై మన జట్టు దక్షిణ కొరియాకు ఎదురుగా నిలిచెను. ఆ క్రీడలకు ఇజ్రాయెలును, తైవానును రానీయకుండుట అన్యాయమని మన దేశపు క్రీడాప్రముఖు డొకరు పలికిన పలుకు ఆతిథేయులకు గిట్టకపోవుటయే ఆ యాగ్రహమునకు కారణము గాని, బంతి తన్నుటకు వచ్చిన పదునొకండుగురు చేసిన తప్పేమియు లేదు. ఆ పదునొకండుగురిని ఎంచి నిలిపినవాడు మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీము. అదే పోటీల మొదటి యాటయందు ఇదే కొరియా చేతిలో మనవారు రెండు గోలుల తేడాతో ఓడియుండిరి. తరువాత థాయిలాండును గెలిచినను, ఆ గెలుపులో రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. అట్టివానిని రహీము విశ్రాంతికి పంపలేదు. అలవాటైన రక్షణస్థానమునను నిలుపలేదు. సెంటర్ ఫార్వర్డుగా, ప్రత్యర్థుల గోలు ముంగిట, మోచేతులును మోకాళ్ళును విరివిగా తగులు చోట నిలిపెను. అంతియ కాదు. జ్వరపడి సెమీఫైనలు ఆడజాలని గోల్‌కీపరు పీటర్ తంగరాజును, అతనికి బదులు సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యుత్ బర్మనును పక్కన నుంచి, తుదిపోటీకి మరల దింపెను. తంగరాజు పొడగరి, ఎత్తుగా వచ్చు బంతులను అందుకొనుటకు అతని కంటె తగినవాడు లేడని రహీము తలపు.

ఫలిత మేమైనదో మీరెఱుగుదురు. 17వ నిమిషమున పి.కె. బెనర్జీ, 20వ నిమిషమున ఆ కుట్ల తలతోనే జర్నైల్ సింగు, మూడు నిమిషముల వ్యవధిలో రెండు గోలులు చేసిరి. కొరియా చివరి ఘడియలలో ఒక గోలు తీర్చుకొన్నను, స్వర్ణపతకము మనదే అయ్యెను. నాటి నుండి నేటి వఱకు భారతదేశము ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మరల స్వర్ణము చూడలేదు. కావున అరువది యేండ్లకు పైబడి ఆ రెండు నిర్ణయములను మనము మేధకు పరాకాష్ఠగా చెప్పుకొనుచున్నాము. 2024లో వచ్చిన మైదాన్ అను హిందీ చలనచిత్రము పుణ్యమా యని రహీము పేరు వినని బాలురు గూడ వినిరి. నేనును ఆయనను పూజించువాడనే. అయినను ఈ సాయంకాలము మీ యెదుట నొక ప్రశ్న నుంచుచున్నాను: ఆ దినమున జర్నైలు తల మరల పగిలి, అతడు మైదానము నుండి లేవలేకపోయి, మనవారు ఓడియుండినచో, ఆ నిర్ణయమును మనము ఏమని యుందుము?

గెలిచినను ఓడినను నిర్ణయ మొక్కటే. ఉదయము రహీమునకు తెలిసిన విషయములు ఆ సాయంకాలపు ఫలితము వలన మారునవి కావు. గాయపు లోతు, వైద్యుని మాట, ఆటగాని ఆత్రము, ప్రత్యర్థుల ఆటతీరు, ఇవన్నియు బంతి కదలకముందే యున్నవి. తమిళనాడునందలి మా కోవిల్‌పట్టి చుట్టుపట్టుల నల్లరేగడి భూములలో ఆశ్వయుజపు వానను నమ్మి ప్రత్తియో, సజ్జయో, మినుమో విత్తు రైతును, వాన ముఖము చాటుచేసిన యేట మూర్ఖుడనియు, కురిసిన యేట జ్ఞానియనియు ఎవరును అనరు. అదను చూచి విత్తినాడా లేదా యనియే అడుగుదురు. ఫుట్‌బాలు శిక్షకుని విషయమున మాత్రము ఆ న్యాయమును మఱచి, గోలు పడిన వైపునకు మొగ్గి తీర్పు చెప్పుచున్నాము. ఓడినచో అడుగరాని మాటలన్నియు అడుగుదుము. గెలిచినచో అడుగవలసిన ఒక్క మాటయు అడుగము. ఓటమి రేపిన ప్రశ్న కంటె గెలుపు మింగిన ప్రశ్న ఆటగానికి ఎక్కువ హానికరమని నా దృఢాభిప్రాయము.

శిక్షకు డెవరిని ఎంత సేపు, ఏ స్థానమున, ఏ స్థితిలో ఆడించుచున్నాడో ప్రశ్నించు నధికారము గట్టున కూర్చుండువానికి ఎక్కడిదని పెద్దలు కొందరు వాదింతురు. ఆ వాదములో కొంత సత్యము లేకపోలేదు. ఆటగాడు నిన్న రాత్రి నిద్రించెనా, తొడకండరము పట్టినదా, ఇంట తండ్రికి జబ్బుగా నున్నదా, తోటివానితో మాట పట్టింపు వచ్చినదా, ఇట్టివి శిక్షకునకు తెలియును, మనకు తెలియవు. 1966లో ఇంగ్లండు శిక్షకుడు ఆల్ఫ్ రామ్సే, గాయము మానిన మేటి ఫార్వర్డు గ్రీవ్సును కూర్చుండబెట్టి హర్స్టు అను కొత్తవానిని ప్రపంచ కప్పు తుదిపోటీలో కొనసాగించినప్పుడు, ఆ దేశమందలి అభిమానులలో ఎందరు ఔనని యుందురు? ఆ హర్స్టే మూడు గోలులు చేసి కప్పు తెచ్చెను. అదే రామ్సే 1970లో మెక్సికోలో పశ్చిమ జర్మనీ మీద తన జట్టు 2–1తో ముందున్న వేళ, సెమీఫైనలునకు బలము మిగుల్చుకొన దలచి బాబీ చార్ల్టనును వెలుపలికి పిలిచెను. సెమీఫైనలు రానేలేదు, 3–2తో ఓడి యింటికి పోయిరి. మనిషి యొక్కడే, వివేకము ఒక్కటే. ఆ రెండింటిని గూర్చి నేటికిని ఇంగ్లండులో వాదించుచునే యున్నారు, వాదింపనిండు. అది ఆటను ప్రేమించువారికి గల ఆనందములలో నొకటి.

అయినను, శిక్షకునకు తెలిసినది మనకు తెలియదు గనుక నోరు మూసికొనవలెనను మాటను నేనంగీకరింపజాలను. తెలియనప్పుడే గదా అడుగవలసినది! అడుగకుండినచో ఏమేమి జరుగునో మన దేశపు ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. 2022లో ఆసియా కప్పు అర్హత పోటీల కాలమున, భారత జాతీయ జట్టులో ఆడవలసిన వారి పేర్లు ఆటకు ముందు ఒక జ్యోతిష్కునికి పంపబడెననియు, గ్రహబలమును బట్టి యెవరు ఆడదగుదురో ఎవరు తగరో ఆయన అభిప్రాయము చెప్పెననియు, 2023 సెప్టెంబరులో ఒక ఆంగ్ల దినపత్రిక వెల్లడించెను. సంవత్సరమునకు పైగా ఆ సంగతి బయటివా రెవరికిని తెలియదు. ఆ యాటలను వేలాది జనము చూచిరి. తన రాశి చూచి తనను కూర్చుండబెట్టిరేమో యని సందేహింపవలసిన స్థితికి దేశపు జెర్సీ తొడిగిన యువకుని తెచ్చుట యెంతటి అవమానము! పదేండ్లు చెమటోడ్చిన వానికి లభింపవలసినది శిక్షకుని కన్ను, శిక్షకుని నోటి మాట. ఎవరిని ఏల ఆడించితిరో బహిరంగముగా చెప్పు నలవాటు మన క్రీడాసంఘములకు ఉండియుండినచో ఇట్టిది దాగియుండుటకు చోటు దొరకి యుండదు. ఆ యలవాటు సంఘములకు తమంతట తాము రాదు, అడుగువా రున్నప్పుడే వచ్చును.

ప్రశ్నలలోను రీతిభేదములు గలవు. మనవాని నేల ఆడింపలేదను ప్రశ్న అన్నిటి కంటె తఱచుగా వినబడునది, అన్నిటి కంటె తక్కువ విలువ గలది. రహీము కాలమున జాతీయ జట్టులో హైదరాబాదువారు పలువురుండుట చూచి, ఫుట్‌బాలు తమ సొత్తని నమ్మిన కలకత్తా అభిమానులకు మనసు నొచ్చియుండుట సహజమే. ఆ నొప్పికి సమాధానము మైదానముననే దొరకును: హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను, హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని రెండు పర్యాయములు వరుసగా గెలిచెను. సికిందరాబాదు దాపున అమ్ముగూడలో తమిళ కుటుంబమున పుట్టి, తెలుగు వీధులలో బంతి తన్ని పెరిగిన తులసీదాస్ బలరామును 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు ఎంపిక చేసినప్పుడు అతడింకను నవయువకుడే. ఇతడెవ్వడని నాడు ఎవరైన అడిగియుండినచో, 1960లో రోము నగరమున హంగరీ మీదను పెరూ మీదను అతడు చేసిన గోలులే ఉత్తరమిచ్చియుండును. ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు కోవిల్‌పట్టి దాపున నున్న మా కడంబూరు వారికి బలరాము కథ ఎంత దగ్గఱిదో వేఱుగ చెప్ప నక్కరలేదు. అతడు జబ్బు చేసి ముప్పదియేండ్లు నిండకమునుపే ఆట మానవలసివచ్చెను. అతనిని చూడలేకపోయిన తరములకు అది తీరని లోటు.

మఱొక రీతి ప్రశ్న ఆటపద్ధతిని గూర్చినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగొస్లావియా చేతిలో మనవారు 10–1తో ఓడిరి. వట్టికాళ్ళతో ఆడు మన యాటగాండ్రు ఆ చలిలో, ఆ తడినేల మీద నిలువలేకపోయిరి. బూట్లు లేకుండ ఏల ఆడించుచున్నారని ఆ తరువాత దేశమంతయు అడిగెను, అడిగినందుననే బూట్లు తప్పనిసరియైనవి, నాలుగేండ్లకు మెల్బోర్నులో మనవారు ఒలింపిక్సు నాలుగవ స్థానము నందిరి. రహీము ఆ ప్రశ్నకు అలుగలేదు. బడిపంతులు గనుక నేర్చుకొనెను. అలవాటు తక్కువైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు, బంతిని కాలి చుట్టు త్రిప్పుకొనుచు నిలువక వెంటనే అందింపవలసిన పోటీలు హైదరాబాదులో బాలురకు ఏర్పరచి, ఆటగాండ్ర స్వభావమునే మార్చెను. ప్రశ్నకు బదులు పనితో చెప్పిన శిక్షకు డాయన.

ఇక మూడవ రీతి ప్రశ్న యొకటి గలదు. అది ఆటగాని శరీరమును గూర్చినది. ఇందు మాత్రము నాకు మొగమాట మేమియు లేదు. ఇది అభిమానుల హక్కు మాత్రమే కాదు, విధి యని చెప్పుదును. 1998 జూలై 12వ తేదీని పారిసు దాపున జరిగిన ప్రపంచ కప్పు తుదిపోటీకి కొన్ని గంటల ముందు బ్రెజిలు ఆటగాడు రొనాల్డో, ఇరువదియొక్క యేండ్లవాడు, తాను బస చేసిన హోటలులో మూర్ఛ వచ్చి పడిపోయెను. ఆసుపత్రికి గొనిపోయిరి. అతని పేరు లేకుండ జట్టు పట్టిక వెలువడెను. కొంతసేపటికి అతని పేరుతో మఱొక పట్టిక వెలువడెను. అతడు ఆడెను, అడుగులు తడబడుచు ఆడెను, బ్రెజిలు 3–0తో ఓడెను. ఆ దేశపు శాసనసభ విచారణసంఘము శిక్షకుని, ఆటగానిని పిలిపించి ప్రశ్నించెను. ఆ విచారణ వట్టి ఓటమి దుఃఖముతో పుట్టినదే యైనను, అడిగిన మాట సరియైనదే: గంటల క్రితము మూర్ఛపోయిన పిల్లవానిని మైదానమునకు పంపుటకు ఎవరు ఒప్పుకొనిరి? బ్రెజిలు గెలిచియుండినచో ఈ మాట యెవరును అడిగియుండరు. అతనిని వీరుడని కొనియాడియుందురు. జర్నైల్ సింగును మనము కొనియాడినట్లే.

నేనాడెదనని ఆటగాడే అన్నాడు గదా యని మీరనవచ్చును. జర్నైలు ఆడుదుననియే అనియుండును. రొనాల్డోయు ఆడుదుననెను. ప్రాయమున నున్న యే క్రీడాకారుడైనను తుదిపోటీ నాడు ఆడనని అనునా? అతడు అనడు గనుకనే అతనికి బదులుగా అనవలసిన వాడొకడు కావలెను, ఆ యొక్కడు శిక్షకుడు, శిక్షకునికి గెలుపు మీద దృష్టి మళ్ళినప్పుడు వైద్యుడు, వైద్యుని మాట చెల్లనప్పుడు గట్టున నున్న మనము. రహీము తన శరీరమునే లెక్కచేయని మనిషి. జకార్తా నాటికే ఆయనను క్యాన్సరు తినివేయుచుండెను, 1963 జూను 11వ తేదీని కన్నుమూసెను. తన ప్రాణమును ఆటకు ధారపోయుటకు ఆయనకు సర్వాధికారమును గలదు. ఇంకొకని తలను పణముగా నొడ్డుట వేఱు సంగతి. ఇది ఆయన కీర్తికి కళంకమని నేననుట లేదు; ఆ కాలమున తలగాయమును గూర్చిన జ్ఞానమే తక్కువ. నేటి మనకు ఆ సాకు లేదు.

ఈ మాట కడంబూరు నుండి చెప్పుటకు కారణ మున్నది. మాకు దాపుననున్న కోవిల్‌పట్టిని జనులు ముద్దుగా హాకీపట్టి యని పిలుతురు. తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థవారి హాకీ వసతిగృహ మచ్చట గలదు. లక్ష్మీ అమ్మాళ్ పేర జరుగు అఖిల భారత పోటీలకు ఊరూరి జనము తరలివత్తురు. హాకీ ఆటగాడు మారీశ్వరన్ శక్తివేల్ ఆ యూరి బిడ్డయే. హాకీ చూచి పెరిగిన మా ప్రాంతపువారికి ఆటగానిని వెలుపలికి పిలుచుట పెద్ద సంగతిగా తోచదు. ఆ యాటలో ఎన్నిసార్లైనను పిలువవచ్చును, నాలుగు నిమిషములు సేదదీరి నీరు త్రాగి మరల దిగవచ్చును. ఫుట్‌బాలులో అట్లు గాదు. వెలుపలికి వచ్చినవాడు మరల దిగుట లేదు. ప్రపంచ కప్పులో 1970కి ముందు మార్పిడి యన్నదే లేదు, ఆపై యిద్దరు, తరువాత ముగ్గురు, నేడు ఐదుగురు. ఒకమాఱు చేసిన నిర్ణయమును దిద్దుకొను వీలు లేనందుననే ఫుట్‌బాలు శిక్షకుడు అలసినవానిని, దెబ్బతిన్నవానిని ఇంకొక్క పది నిమిషములు, ఇంకొక్క పది నిమిషములని సాగదీయుచుండును. హాకీ అలవాటుతో ఫుట్‌బాలు చూచు మా యువకులు, ఇతని నేల ముందే తీయలేదని శిక్షకుని కసరునప్పుడు, ఆ నియమపు బరువును గూడ తలచుట న్యాయము.

అయినను మా పొరుగున నున్న విరుదునగర జిల్లాకు ఫుట్‌బాలుతో సంబంధమే లేదని తలపకుడు. కారియాపట్టి దాపున పుల్లూరునందలి సేతు ఇంజనీరింగు కళాశాల అండతో వెలసిన సేతు మహిళా జట్టు 2019లో భారత మహిళా లీగును గెలిచెను. కలకత్తా, గోవాల పేర్లు మాత్రమే వినుటకు అలవాటుపడిన దేశమున, మా మెట్టసీమ పేరు ఆ పట్టిక తల నుండుట సామాన్య విషయమా! ఆ గెలుపు చూచి ఎందరో బాలికలు బూట్లు కట్టిరి. ఆ బాలికలను గూర్చియే, ఆ వసతిగృహపు బాలురను గూర్చియే నా యాందోళన. మంచి యాటగాడని పేరు వచ్చిన పదునాలుగేండ్ల పిల్లవానిని ఉదయము బడి జట్టు పిలుచును, సెలవుదినమున ఊరి క్లబ్బు పిలుచును, మఱునాడు జిల్లా ఎంపికలు పిలుచును; ఒక్కొక్క శిక్షకుడు తన యాట వఱకే లెక్క వేసికొనును, మొత్తము లెక్క ఏ శిక్షకుని వద్దను ఉండదు. చీలమండ బెణికి వాచినను కట్టుకట్టి దింపుదురు. గట్టున నున్న మనము చప్పట్లు కొట్టుదుము. వాడు కుంటుచు పరుగెత్తిన కొలదియు మన చప్పట్లు హెచ్చును! శిక్షకుని ప్రశ్నించు ముందు అభిమాని తన చప్పట్లను గూడ ప్రశ్నించుకొనవలసి యున్నది. ఏలయన, ఆ పిల్లవానిని మైదానమున నిలిపిన బలములలో ఆ చప్పుడును ఒకటి.

ప్రశ్నించుట యనగా దూషించుట గాదని వేఱుగ చెప్పవలసిన కాలము వచ్చినందుకు చింతించుచున్నాను. ఆట ముగిసిన రాత్రి శిక్షకుని కుటుంబమును తిట్టువాడు ప్రశ్న యడుగుట లేదు. వానికి ఉత్తరము అక్కరలేదు. ప్రశ్న యడుగువాడు ఉత్తరము వినుటకు కూర్చుండును. ఆట మొదలుకాకముందు అడుగును, వారము ముందే అడుగును, గెలిచిన మఱునాడు గూడ వచ్చి యడుగును. నాకు తెలిసిన మంచి శిక్షకులు అట్టివానిని చూచి విసుగుకొనరు, కుర్చీ చూపుదురు.

కావున ఈ ప్రాంతపు శ్రోతలకు ఒక్క పని యప్పగించి సెలవు తీసికొందును. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరెనని అనుమానము గల ఆటగానిని, జట్టుకు గల ఐదు మార్పిడులలో లెక్కింపకయే వెలుపలికి తీసి వేఱొకనిని దింపు వెసులుబాటును ఫుట్‌బాలు నియమావళి కర్తలు 2021లో పరీక్షార్థము ప్రవేశపెట్టి, 2024లో నియమములలోనే చేర్చిరి. ఏ పోటీకి ఆ పోటీ నిర్వాహకులు కోరుకొనినప్పుడే అది యమలగును. కోరనిచో కాగితము మీదనే యుండును. రాబోవు పాఠశాలల పోటీలకు, తాలూకా పోటీలకు, దసరా, పొంగలు సెలవులలో మన యూళ్ళలో జరుగు కప్పులకు ఆ నిబంధనను తీసికొనిరా, తలగాయమును చూచి ఔను కాదని చెప్పు వైద్యుడో, శిక్షణ పొందిన నర్సో గట్టున నుందురా, వారు వలదన్నచో శిక్షకుని మాట చెల్లదని ముందే వ్రాసికొనిరా, ఈ మూడు సంగతులు నిర్వాహకులను అడుగుడు. పోటీ పట్టిక అచ్చు కాకముందే అడుగుడు. లేదనినచో, ఏల లేదో చెప్పువఱకు అడుగుడు.